పాలపళ్లు ఊడే లోపు

పురానాపూల్‌కు అటు కార్వాన్, జియాగూడ, ధూల్‌పేట. ఇటు పేట్లబురుజు, హుస్సేనీ ఆలం, బహదూర్‌పురా. నడుమ మూసీ, దాని మీద 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన రాతి వంతెన. చార్మినార్ కన్నా పదమూడేళ్లు ముందుది. ఈ రెండు ఒడ్డుల మధ్య పశువైద్యం చేస్తూనే నాకు డెబ్బై ఏళ్లు దాటాయి. కుక్కకు వాంతులైతే తెస్తారు, గజ్జి పడితే తెస్తారు, పిల్లి అన్నం ముట్టకపోతే ఏడుస్తూ తెస్తారు. పళ్ల వరస తప్పిందని మాత్రం ఎవరూ తీసుకురారు. ఇంకేదో జబ్బని వచ్చినప్పుడు నేను పెదవి ఎత్తి చూస్తే అప్పటికే అంగిట్లో గుంట పడి ఉంటుంది. రెండు నెలలు ముందు చూసి ఉంటే తేలిగ్గా పోయేది. ఆ రెండు నెలల విలువ తెలియజెప్పడానికే ఇది రాస్తున్నాను.

1. మేక నోరు చూసే చేత్తోనే కుక్కపిల్ల నోరూ చూడండి.

బక్రీద్ ముందు జియాగూడ మండీలో నిలబడితే తెలుస్తుంది, పళ్లు చూడటం మన బస్తీ వాళ్లకు ఎంత బాగా వచ్చో. బేరం మొదలు కాకముందే మేక కింది పెదవి కిందికి లాగుతారు. చిన్న పాలపళ్ల మధ్య రెండు వెడల్పాటి పళ్లు కనబడితే 'దో దాంత్', ఏడాది దాటిందని లెక్క. మేకకు పై దవడలో ముందుపళ్లే ఉండవని కూడా అక్కడ చిన్న పిల్లాడికి తెలుసు. అదే మనిషి వేలకు వేలు పోసి కుక్కపిల్లను కొన్నప్పుడు చెవులు చూస్తాడు, తోక చూస్తాడు, రంగు చూస్తాడు. నోరు చూడడు.

చూడటం కష్టమేమీ కాదు. చాలామంది నోరు బలవంతంగా పెద్దగా తెరుస్తారు, అట్లా తెరిస్తే పళ్ల వరస తెలియదు. నోరు మూసి ఉండగానే చూడాలి. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముక్కు మీద చెయ్యి పడకుండా, పెదవిని పక్క నుంచి బొటనవేలితో పైకి ఎత్తండి. పై ముందుపళ్లు కింది ముందుపళ్లకు కాస్త ముందుగా, వాటిని ఆనీ ఆననట్టు ఉండాలి. తర్వాత కోరపళ్లు. కింది కోరపన్ను పై దవడలోని చివరి ముందుపంటికీ పై కోరపంటికీ మధ్యనున్న సందులో, దేన్నీ తాకకుండా, బయటివైపుకు వాలి కూర్చోవాలి. నేను మొదట చూసేది ఆ సందునే. ఇంకాస్త వెనక్కి చూస్తే పై పళ్ల మొనలు కింది పళ్ల సందులకు ఎదురుగా ఉంటాయి. రెండో పక్క కూడా ఎత్తి చూడండి. ఒక పక్క బాగుండి రెండో పక్క తప్పిన పిల్లలు చాలానే ఉంటాయి.

2. సూది తేదీలే పళ్ల తేదీలు.

కుక్కపిల్లకు పాలపళ్లు ఇరవై ఎనిమిది, పెద్దయ్యాక నలభై రెండు. పిల్లికి పాలపళ్లు ఇరవై ఆరు, పెద్దయ్యాక ముప్పై. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పాలపళ్లు మొలుస్తాయి, పిల్లికి ఇంకో వారం ముందే. మూడు, నాలుగు నెలలప్పుడు ముందుపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. కోరపళ్లు అయిదు, ఆరు నెలలకు మారతాయి. ఏడు నెలలు నిండేసరికి నోట్లో పాలపన్ను ఒక్కటి కూడా మిగలకూడదు.

ఇవన్నీ గుర్తు పెట్టుకోలేమంటారు. అక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకాకు వస్తారు. మూడు నెలలకు రేబిస్ టీకాకు వస్తారు. ఆ రెండుసార్లూ "డాక్టరమ్మా, పళ్లు కూడా చూడండి" అని ఒక్క మాట అడగండి. తర్వాత అయిదో నెలలో ఒకసారి, ఏడో నెలలో ఒకసారి ఇంట్లో మీరే చూడండి.

3. ఇది అందానికి సంబంధించిన సంగతి కాదు, నొప్పికి సంబంధించింది.

"పన్ను వంకరగా ఉంటే ఏమైతది, అదేమన్నా పెండ్లికి పోతదా" అని నవ్వేవాళ్లున్నారు. ఒక పిల్ల సంగతి చెప్తాను. వంతెన అవతలి గల్లీ నుంచి ఒకామె అయిదారు నెలల ఆడ లాబ్రడార్ పిల్లను తెచ్చింది. నీళ్లు తాగితే తుమ్ముతుందట, ఒక ముక్కులోంచి చీమిడి కారుతుందట. జలుబనుకుని వాము పొగ పెట్టిందట. నోరు తెరిచి లైటు వేశాను. కింది కోరపళ్లు రెండూ బయటికి వాలకుండా నిటారుగా లేచి అంగిలిని పొడుస్తున్నాయి. ఎడమ పక్క గుంటలో అన్నం మెతుకు ఒకటి, నాలుగు వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. పట్టకారుతో తీస్తుంటే ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది కానీ కరవలేదు. గుంట అడుగు ముక్కులోకి తెరుచుకుంది. తాగిన నీళ్లు అందులోంచే ముక్కులోకి పోతున్నాయి. నోరు మూసుకున్న ప్రతిసారీ, నిద్రలో కూడా, తన పన్ను తన అంగిలిని తనే పొడుచుకుంటూ అన్ని వారాలు గడిపింది. అయినా అన్నం మానలేదు, తోక ఊపడం మానలేదు.

తినడం మానలేదు కాబట్టి నొప్పి లేదనుకోవద్దు. కుక్కలు, పిల్లులు నొప్పితోనే తింటాయి. తల ఒక పక్కకు వంచి నమలడం, ముద్ద నోట్లోంచి జారిపోవడం, బొమ్మ పట్టుకోబోయి వదిలేయడం, మూతి ముట్టుకోనివ్వకపోవడం, లాలాజలంలో ఎర్రటి చార. ఇందులో ఏది కనబడ్డా నోరు చూడాల్సిందే.

4. ఒకే పేరున్న రెండు పళ్లు ఒకే చోట, ఒకే సమయంలో ఉండకూడదు.

పొమేరియన్లు ఇంటింటా పెరిగిన రోజుల నుంచి చూస్తున్నాను. చిన్న జాతుల్లో, అంటే పొమేరియన్, చివావా, యార్క్‌షైర్ టెర్రియర్, చిన్న పూడిల్ వంటి వాటిలో పాల కోరపన్ను ఊడకుండానే పక్కన కొత్త కోరపన్ను వచ్చేస్తుంది. కింది దవడలో కొత్తది పాలపంటికి లోపలివైపున వస్తుంది. పాతది కదలకపోతే అది లోపలికే పెరిగి అంగిలి వైపు పోతుంది. పై దవడలో కొత్తది పాతదానికి ముందుగా వస్తుంది, వచ్చి కింది కోరపన్ను కూర్చోవాల్సిన సందును మూసేస్తుంది. రెండింటి మధ్యా కూడు ఇరుక్కుని చిగురు కుళ్లడం వేరే బాధ.

కొత్త పన్ను మొన చిగురు చీల్చుకుని కనబడిన రోజున పాతది ఇంకా గట్టిగా ఉంటే ఆగొద్దు, తీయించండి. 'ఏడాది నిండాక కుటుంబ నియంత్రణ ఆపరేషనప్పుడు ఒకేసారి తీసేద్దాం' అన్న మాట నేను ఒప్పుకోను. అప్పటికి కొత్త పన్ను తప్పుడు చోట స్థిరపడిపోతుంది.

ఇంట్లో దారం కట్టి లాగడం, పట్టకారుతో పీకడం మాత్రం వద్దు. పాల కోరపన్ను పైకి చిన్నగా సూదిలా కనబడుతుంది కానీ, లోపల వేరు పైకి కనబడే భాగం కన్నా పొడుగు, సన్నం, వంపు. లాగితే మధ్యలో విరుగుతుంది. లోపల మిగిలిన ముక్క చీము పడుతుంది, కొత్త పన్నును పక్కకు నెడుతుంది. దాని పక్కనే పెరుగుతున్న కొత్త పంటికి దెబ్బ తగిలితే పింగాణీ పొర చెడిపోయి జన్మంతా ఆ మచ్చ ఉండిపోతుంది. మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తీసి, ఓపికగా వదులు చేసి తీయాల్సిన పని ఇది.

5. దవడకు పడ్డ గొళ్లెం తీయడానికి వ్యవధి తక్కువ.

పై దవడ, కింది దవడ ఒకే వేగంతో పెరగవు. ఒకసారి ఒకటి ముందుకు పోతే తర్వాత రెండోది అందుకుంటుంది. కింది దవడ వెనకబడి ఉన్న సమయంలో పాల కోరపళ్లు పైకి వచ్చి పై కోరపళ్ల వెనకో, అంగిలి గుంటలోనో ఇరుక్కున్నాయంటే గొళ్లెం పడినట్టే. దవడ ఎదగాలనుకున్నా ముందుకు రాలేదు. అప్పుడు పొట్టిగా ఉన్న దవడ తాలూకు పాలపళ్లను తీసేస్తారు. కింది దవడ పొట్టిదైతే కింది కోరపళ్లు, ముందుపళ్లు. పై దవడ పొట్టిదైతే పై ముందుపళ్లు.

తీసినంత మాత్రాన దవడ పెరుగుతుందని హామీ లేదు, అది రక్తంలో ఉండాలి. పెరిగే శక్తి ఉంటే అడ్డు తొలగుతుంది, అంతే. అయినా పొడుచుకునే బాధ ఆ రోజుతోనే పోతుంది కాబట్టి నేను ఎప్పుడూ తీయించమనే చెప్తాను. ఇది ఆరు నుంచి పన్నెండు వారాల వయసులో జరిగితేనే పెరగడానికి దవడకు సమయం మిగులుతుంది. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అంటే కొన్నవాళ్ల చేతికి వచ్చేసరికి మిగిలేది నాలుగు వారాలే. 'ఇంటికి అలవాటు పడనీ, వచ్చే నెల చూపిద్దాం' అనుకుంటే ఆ నాలుగు వారాలూ పోయినట్టే.

6. రబ్బరు బంతి కూడా వైద్యమే, కానీ అందరికీ కాదు.

కొత్త కింది కోరపళ్లు వస్తూ వస్తూ కొంచెమే లోపలికి వాలితే, దవడల కొలతలు సరిగ్గా ఉంటే, నున్నటి రబ్బరు బంతితో ఆడించడం పనిచేస్తుంది. బంతి కొరికినప్పుడు రెండు కోరపళ్ల మధ్య కూర్చుని వాటిని మెల్లగా బయటికి నెట్టాలి. మరీ చిన్నదైతే గొంతులో పడుతుంది, మరీ పెద్దదైతే పళ్ల మధ్య కూర్చోదు. కోరపళ్ల మధ్య దూరం కొలిచి డాక్టరు చెప్పిన సైజే కొనండి. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి పావుగంట. టెన్నిస్ బంతి వద్దు, దాని బొచ్చు పళ్లను అరగదీస్తుంది. ఇంట్లో పిల్లలుంటే ఆ పని వాళ్లకే అప్పజెప్పండి, పెద్దవాళ్లు మూడో రోజుకే మర్చిపోతారు. రెండు మూడు వారాలకొకసారి చూపిస్తూ ఉండాలి. పన్ను అంగిలిని తాకుతూ గుంట చేస్తుంటే బంతిని నమ్ముకుని కూర్చోవద్దు.

7. పెద్ద పళ్లు స్థిరపడ్డాక దారులు మూడు, మూడూ మంచివే.

మనుషుల పళ్ల వరసకు ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికన్ దంతవైద్యుడు 1899లో తరగతులు పెట్టాడు. వాటినే కొద్దిగా మార్చి పశువైద్యులు వాడుతున్నారు. దవడలు సరిగ్గా ఉండి పన్ను ఒక్కటే తప్పితే మొదటి తరగతి. కింది దవడ పొట్టిదైతే రెండు, పొడుగైతే మూడు, ఎడమ కుడి సమంగా లేకపోతే నాలుగు. డాక్టరు చీటీ మీద ఈ అంకె కనబడితే భయపడొద్దు. అది తీవ్రతకు గుర్తు కాదు, రకానికి గుర్తు.

మొదటి దారి, పై పళ్లకు వాలు పలక వంటిది అతికించి కింది కోరపన్నును బయటికి జరపడం. రెండోది, ఆ కోరపన్నును కత్తిరించి పొట్టి చేసి లోపలి జీవనాడికి మందు పెట్టి మూయడం. పన్ను బతికే ఉంటుంది, పొడవడం ఆగుతుంది. కానీ కొన్ని నెలలకూ, తర్వాతా ఎక్స్‌రే తీసి చూసుకోవాలి. మూడోది, పన్ను తీసేయడం. మొదటి రెండూ చేయగల చేతులు తక్కువ, ఖర్చూ ఎక్కువ, మళ్లీ మళ్లీ మత్తు ఇవ్వాలి. రోజు కూలీ మీద బతికే ఇంట్లో పెరిగే కుక్కకు పన్ను తీయించమని నేను మొహమాటం లేకుండా చెప్తాను. కోరపన్ను లేకపోయినా కుక్క హాయిగా తింటుంది, హాయిగా బతుకుతుంది. పీకించారన్న చిన్నతనం ఎవరికీ అక్కర్లేదు. ఆకురాయితో పంటి మొన అరగదీసి వదిలేసేవాళ్ల దగ్గరికి మాత్రం పోవద్దు. లోపలి నాడి తెరుచుకుంటే పన్ను కుళ్లుతుంది, నొప్పి రెట్టింపవుతుంది.

8. పిల్లి దాచుకుంటుంది, మీరు వెతకాలి.

పాతబస్తీలో పిల్లుల్ని ప్రేమగా పెంచే ఇళ్లు ఎన్నో. ఇప్పుడు పర్షియన్ పిల్లులు ఎక్కువయ్యాయి. మూతి చప్పిడిగా ఉన్నకొద్దీ పళ్లకు చోటు తక్కువ. పై కోరపన్ను ముందుకు వాలి పెదవిని ఎత్తిపట్టడం, కింది దవడ ముందుకు రావడం వాటిలో తరచుగా చూస్తాం. వాటికన్నా ఎక్కువగా కనిపెట్టకుండా పోయేది ఒకటుంది. పై దవడలోని పెద్ద నమిలే పన్ను మొన కింది చిగురు బయటివైపును కొట్టుకుంటూ ఉంటుంది. అక్కడ ఎర్రటి కండ లేస్తుంది. క్యాన్సర్ గడ్డేమోనని బెంబేలెత్తి తెస్తారు. పై పన్ను మొన తాకుతున్న చోటు సరిగ్గా అదేనా అని చూస్తే సంగతి తేలుతుంది. ఆ మొనను పద్ధతిగా మొద్దు చేసినా, పన్ను తీసినా చాలామటుకు పుండు మానుతుంది. మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాలి.

పిల్లిపిల్ల నోరు చూడాలంటే ఇద్దరు కావాలి. ఒకరు తువాలులో చుట్టి పట్టుకోవాలి, ఇంకొకరు పెదవి ఎత్తాలి. చిన్నప్పుడే రోజూ ఒకసారి మూతి ముట్టుకోవడం అలవాటు చేస్తే పెద్దయ్యాక తువాలు కూడా అవసరం ఉండదు.

9. అన్నీ పుట్టుకతో రావు.

రోడ్డు మీద ఆటో తగిలి దవడ విరిగిన వీధికుక్కపిల్లలు ఒక పక్కకు పెరుగుతాయి. ఎదిగే వయసులో ఒక పక్క ఎముక దెబ్బతింటే రెండో పక్క దాన్ని దాటి పోతుంది. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వచ్చి బతికిన పిల్లలకు పళ్ల మీద గుంటలు, గోధుమ రంగు గీతలు ఉంటాయి. పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే ఆ వైరస్ పింగాణీ పొరను పాడుచేస్తుంది. చూడికుక్కకో పాలపళ్ల పిల్లకో టెట్రాసైక్లిన్ వాడితే పళ్లు పసుపు తిరుగుతాయి. కాబట్టి మిగిలిపోయిన మాత్రలు సొంతంగా వేయకండి.

ఇక బొక్కలు. మాంసం దుకాణాలు దగ్గర కాబట్టి నల్లిబొక్క ఊరికే దొరుకుతుంది, పాలపళ్లు ఊడతాయని వేస్తారు. పాలపళ్లు వాటంతట అవే ఊడతాయి. గోటితో నొక్కితే గుంట పడనంత గట్టి వస్తువేదీ కుక్క నోట్లో పెట్టకండి. పై దవడలోని పెద్ద పన్ను పలకలా చిట్లుతుంది.

10. రెండు దవడలూ రెండు దారుల్లో వస్తాయి.

అమెరికాలో చార్ల్స్ స్టాకార్డ్ అనే శాస్త్రవేత్త రకరకాల జాతి కుక్కల్ని కలిపి పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించాడు. ఆయన గ్రంథం 1941లో వచ్చింది. పై దవడ పొడవు, కింది దవడ పొడవు ఒకదానితో ఒకటి ముడిపడి రావని, విడివిడిగా సంక్రమిస్తాయని అందులో చూపించాడు. తల్లి మూతి పొట్టి, తండ్రి మూతి పొడుగు అయితే పిల్లకు మధ్యరకం మూతి వస్తుందని మనం అనుకుంటాం. పై దవడ ఒకరిదీ, కింది దవడ ఇంకొకరిదీ రావచ్చు. 'క్రాస్ పిల్ల, చౌకగా వస్తుంది' అని ఏ రెండింటినో కలిపి పుట్టించే వాళ్లకు ఈ సంగతి తెలియాలి.

2003లో సెల్‌ఫోన్ ప్రకటనలో ఒక పిల్లాడి వెనక పగ్ కుక్క నడిచింది. ఆ తర్వాత మన ఎండల్లో ఊపిరాడని పగ్‌లను నేను లెక్కలేనన్ని చూశాను. పగ్, బుల్‌డాగ్, బాక్సర్ జాతుల్లో కింది దవడ ముందుకు రావడాన్ని లక్షణంగానే ఒప్పుకుంటారు. ఒప్పుకున్నంత మాత్రాన నోటికి మేలు జరగదు. పళ్లు ఇరుకై అడ్డంగా తిరుగుతాయి, కొన్ని చిగురు లోపలే ఉండిపోయి చుట్టూ నీటి తిత్తి కట్టి దవడ ఎముకను తినేస్తాయి. పొట్టి మూతి కుక్కకు ఏడు నెలలు నిండాక పళ్లు లెక్కపెట్టండి. లేని చోట ఎక్స్‌రే తీయించండి. ఊడిపోయిందో, లోపల దాగిందో దానితోనే తేలుతుంది.

మన వీధికుక్క నోరు చూడండి. మూతి మధ్యరకం, పళ్లు వేటికవి తమ చోట. నేను చూసినంతలో ఇంత శుభ్రమైన పళ్ల వరస కొన్న కుక్కల్లో తక్కువ. కుక్కను పెంచాలనుకునే ప్రతి ఇంటికీ ముందు గల్లీ కుక్కపిల్లను తెచ్చుకోమనే చెప్తాను.

11. దవడ తప్పిన కుక్కను, పిల్లిని ఈనించకండి.

నా మాటల్లో ఎవరికైనా కోపం వచ్చేది ఇదొక్కటే, అయినా చెప్పక తప్పదు. దెబ్బ వల్ల వచ్చింది కాదని తేలితే, దవడ తేడా వంశంలో ఉందనే అనుకోవాలి. పళ్లు సరిచేయించి ప్రదర్శనకు పంపడం, ఆ తర్వాత పిల్లల్ని అమ్మడం కొన్నవాళ్లను మోసం చేయడమే. పంటిని సరిచేయగలం, అది పిల్లలకు ఇచ్చే లక్షణాన్ని సరిచేయలేం. పళ్ల పనికి ఇచ్చే మత్తులోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేయించగలరేమో డాక్టరును అడగండి. పిల్లను కొనేముందు తల్లి నోరు చూపించమని అడగండి. చూపించనంటే అక్కడి నుంచి లేచి రండి.

పళ్లు చూపించడానికి నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. బహదూర్‌పురా, ఆరాంఘర్ మీదుగా పోతే రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. ఎక్కడికి వెళ్లినా మత్తు ఇచ్చే ఏర్పాటు, పళ్ల ఎక్స్‌రే ఉన్నాయో లేదో ముందే కనుక్కుని వెళ్లండి. మీ ఇంట్లో ఏడు నెలలు నిండని కుక్కపిల్ల గానీ పిల్లిపిల్ల గానీ ఉంటే, ఈ పూట దాన్ని ఒళ్లోకి తీసుకుని రెండు పక్కలా పెదవి ఎత్తి చూడండి. కింది కోరపన్ను దాని సందులో లేకపోతే రేపే ఆసుపత్రికి తీసుకుపోండి.